ఎండలో పెట్టిన క్యాసెట్

మా కాఫీ కొట్టుకూ ఉరనో యాసుజి గారి దుకాణానికీ మధ్య ఉన్నది ఒక్క చెక్కగోడ. ఆయన తుమ్మితే నా అలమరలో కప్పులు గలగలమంటాయి. పద్దెనిమిదేళ్ళు ఆ తుమ్ములు విన్నదాన్ని కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకు కొంత ఉందనుకుంటాను. లేదన్నా చెప్పకుండా ఉండలేను. ఈ ఫుసాకో నోట్లో నువ్వుగింజ నానదని నగోయాలో మా ఓసు పేట సందులన్నిటికీ తెలుసు.

దుకాణం అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. పై అంతస్తుకు పోయే మెట్ల కింద, చీపుర్లూ బకెట్లూ పెట్టుకోవాల్సిన జాగా అది. అందులో ఒక బల్ల, ఒక స్టూలు, వెనక పొట్ట ఉన్న ఒక పాత టీవీ. మిగిలిన ప్రతి అంగుళంలోనూ వీడియో గేములే. ముప్పై నలభై ఏళ్ళ కిందటి క్యాసెట్లు, వాటిని దోపి ఆడుకునే పెట్టెలు. వాటికోసం టోక్యో నుంచి కూడా మనుషులు వస్తారు. ఉరనో గారి ప్రాణం మాత్రం ఆ పెట్టెలకు తగిలించే వింత సరంజామా మీద ఉంటుంది. చేపల ఆటకని చేసిన గాలం చక్రం, తెర మీది శత్రువుల్ని అరిచి బెదిరించడానికి ఒక మైకు, పరుగుపందెం ఆటకని నేల మీద పరుచుకునే చాప. ఏదో కంపెనీ ఒక్క ఏడాది చేసి, ఎవరూ కొనక మానేసిన సరుకు. పది వస్తువుల మధ్య ఎవరికీ అక్కర్లేనిది ఒకటుంటే ఆయన చెయ్యి సరిగ్గా దాని మీదకే పోతుంది.

వాటిలో ఒకటి చెవి క్లిప్పు. పైనుంచి ఇటుకలు పడుతుంటే సందు లేకుండా పేర్చుకుపోయే ఆట ఒకటుంది కదా, దానికి తగిలిస్తారు. క్లిప్పును చెవి తమ్మెకు పెట్టుకుంటే అది నాడి చూస్తుంది. గుండె జోరుగా కొట్టుకుంటే ఇటుకలు కూడా జోరుగా పడతాయి. కంగారుపడ్డవాడు ఓడిపోతాడన్నమాట.

ఆ క్లిప్పు దొరికిన వారం మా వీధి వీధంతా దాన్ని చెవికి పెట్టుకుంది. ఎదురు మంగలి హిబినో గారు కాలు మీద కాలేసుకుని దర్జాగా ఆడుతుంటే, నేను కిటికీలోంచి తొంగి చూసి, "హిబినో గారూ, మీ ఆవిడ ఇటే వస్తోందండోయ్" అన్నాను. ఇటుకలు వడగళ్ళలా రాలాయి.

"నీ నోరు పడిపోనూ! అక్కడెవరూ లేరు కదే!" అన్నారాయన వీధంతా వెతుక్కుని.

తరవాత ఉరనో గారు పెట్టుకున్నారు. "ఉరనో గారూ, వెనకాల పొగ వస్తోంది, నిప్పంటుకుంది!" అని అరిచాను. ఆయన మెల్లగా వెనక్కి తిరిగి చూసి, మెల్లగా ముందుకు తిరిగారు. ఇటుకలు ఒక్కొక్కటే, తాపీగా దిగాయి.

"ఈయన లోపల ఉన్నది గుండె కాదు ఫుసాకో, గోడగడియారం" అన్నారు హిబినో గారు.

అలా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే మనిషి ఆయన. ఒకప్పుడు ఆయన చేసిన పని తెలిస్తే ఆ నిమ్మళం ఎక్కడినుంచి వచ్చిందో కొంత అర్థమవుతుంది.

మెట్ల కిందకు రాకముందు ఆయన పదహారేళ్ళు ఒక పెద్ద పాత ఆటల కొట్టులో పనిచేశారు. ఇప్పుడు లేదది. ఆ రోజుల్లో పిల్లలందరూ క్యాసెట్ వెనకాల మార్కరు పెన్నుతో పేరు రాసుకునేవాళ్ళు. అరువు తిరిగే వస్తువు కదా, పేరు లేకపోతే తిరిగి రాదు. కొందరు తరగతీ ఇంటి నంబరూ కూడా రాసేవాళ్ళు, కొందరు 'దొంగిలిస్తే కడుపునొప్పి వస్తుంది' అని శాపాలు కూడా పెట్టేవాళ్ళు. పిల్లలు పెద్దయ్యి అవన్నీ అమ్మేశాక, పేరున్న క్యాసెట్‌ని ఎవరూ కొనరు. అందుకని పేర్లు తుడిచే పని ఉరనో గారిది. దూది, స్పిరిటు, మెత్తని బ్రష్షు. ప్లాస్టిక్ మెరుపు పోకుండా సిరా మాత్రమే పోయేలా తుడవడంలో నగోయా మొత్తం మీద ఆయనకు సాటి లేరని చెప్పుకునేవాళ్ళు. రోజుకు రెండు వందలు తుడిచేవారట.

దానికి ఆయన పద్ధతి ఒకటుంది. క్యాసెట్‌ను తలకిందులుగా పట్టుకుని తుడిచేవారు.

"తిన్నగా పట్టుకుంటే కళ్ళు వద్దన్నా చదివేస్తాయండీ," అని నాకు చెప్పారు ఒకసారి. "చదివితే చెయ్యి ఆగిపోతుంది. మొదటి నెల అన్నీ చదివేవాణ్ణి. ఈ పిల్లాడు ఎవడో, ఎందుకు అమ్ముకున్నాడో అనుకుంటూ కూర్చునేవాణ్ణి. యజమాని తిట్లు తిన్నాక తిప్పి పట్టుకోవడం నేర్చుకున్నా. తలకిందులైతే అవి గీతలే, పేర్లు కావు."

ఆ కొట్లో చేరేనాటికి ఆయనకు నాలుగేళ్ళ కూతురు. పేరు కనాయే. పిల్లకు కాస్త ఊహ వచ్చాక ఆదివారాలు తండ్రీకూతుళ్ళు ఆ పరుగుచాప పరుచుకుని పోటీ పడేవాళ్ళు. ఈయన నిజాయితీగా రొప్పుతూ రోజుతూ పరుగెత్తేవారు. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులతో చాపను టపటపా బాదేసేది. ప్రతిసారీ ఆమే గెలిచేది.

"మోసం కదండీ అది?" అన్నాను.

"మోసమే. చాప ఉన్న ప్రతి ఇంట్లో ప్రతి పిల్లా చేసిన మోసమే" అన్నారు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగింది. అంత వెలుగు నేను మళ్ళీ చాలాకాలం చూడలేదు.

తన వంతు వచ్చేదాకా ఆగలేక కనాయే క్యాసెట్ మూల కొరుకుతూ కూర్చునేదట. ఆమె సొంత క్యాసెట్ ఒకటి ఉండేది, తెల్లది. దాని కుడి మూలంతా పంటి గాట్లే. నాన్నేం పని చేస్తాడని ఎవరైనా అడిగితే ఆ పిల్ల గొప్పగా చెప్పేదట. ఆ గొప్ప కూడా ఈయన నేర్పిందే. "దేశంలో ఎక్కడ అమ్మిన క్యాసెట్ అయినా తిరిగి తిరిగి చివరికి నాన్న బల్ల మీదకే వస్తుంది" అని ఆమెకు చెప్పేవారు. తండ్రులు పిల్లల దగ్గర కొట్టుకునే గొప్పలు కదా, ఎవరు లెక్కపెడతారు?

కనాయేకు ఎనిమిదేళ్ళప్పుడు భార్యాభర్తలు విడిపోయారు. ఎవరిది తప్పో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. భార్య పిల్లను తీసుకుని తన సొంతూరు హమమత్సుకు వెళ్ళిపోయింది. విడిపోయాక పిల్లలు ఒకరి దగ్గరే ఉంటారు, రెండోవాళ్ళు దూరంగా తప్పుకుంటారు, మా దగ్గర అది అలవాటు. అక్కడ ఏ ఇంట్లో ఉంటున్నారో కూడా ఈయనకు చెప్పలేదు. తెలిసినవాళ్ళ ద్వారా కొత్త సంవత్సరం కార్డులు రెండేళ్ళు పంపారు. జవాబు రాలేదు. మానేశారు. రెండేళ్ళకే చేతులెత్తేసినందుకు నేను ఆయన్ని తిట్టాను, ఇప్పటికీ తిడతాను.

ఆ రెండో ఏడాది చలికాలంలోనే హమమత్సు నుంచి ఆయన కొట్టుకు ఒక మూట వచ్చింది. నూటపాతిక క్యాసెట్లు. ఎప్పట్లాగే తిప్పి పట్టుకుని తుడుచుకుంటూ పోయారు. తుడిచినవాటిని ఆరబెట్టడానికి వరసగా నిలబెడుతుంటే, ఒక తెల్ల క్యాసెట్ కుడి మూల వేలికి గరుకుగా తగిలింది. చూస్తే పంటి గాట్లు. చప్పున తిప్పి చూశారు. వెనకాల అద్దంలా శుభ్రంగా ఉంది. ఆయనే తుడిచారు మరి. పక్కనే తొట్టిలో నల్లబడ్డ దూది ఉండలు ఓ యాభై ఉన్నాయి. అందులో ఏ ఉండలో తన కూతురి పేరు ఉందో ఎవరు చెప్పగలరు?

అసలు అది కనాయేదేనని మాత్రం ఎవరు చెప్పగలరు? క్యాసెట్లు కొరికే పిల్లలు ఊరికి వందమంది ఉంటారు. పేరొక్కటే సాక్ష్యం, ఆ పేరు లేదు. ఆ సాయంత్రమే దాన్ని తనే కొనుక్కుని, పల్చటి కాగితంలో చుట్టి, బియ్యపు అప్పడాల రేకు డబ్బాలో పెట్టి, తేమ తగలకుండా మందు పొట్లాలు వేసి మూత బిగించారు. ఈ వ్యాపారంలో ఎండను మించిన శత్రువు లేదు. ఎండ తగిలితే తెల్ల ప్లాస్టిక్ పచ్చబడిపోతుంది. అందుకని ఇరవై ఎనిమిదేళ్ళు దానికి వెలుతురు చూపించలేదు. ఏడాదికోసారి కొత్త సంవత్సరం నాడు మూత తీసి, మూల తడిమి, మూసేసేవారు.

ఈ డబ్బా సంగతి నాకు చెప్పడానికి ఆయనకు పదకొండేళ్ళు పట్టింది. అది కూడా జ్వరంలో ఉండి, నేను గంజి పట్టుకెళితే చెప్పారు.

ఇక అసలు సంగతి. మొన్నటేడాది వసంతంలో, గాలికి నా కిటికీ తలుపు టపటపా కొట్టుకుంటోంది. కింద దోపడానికి ఏదైనా దొరుకుతుందా అని చూస్తే, ఉరనో గారి దుకాణం ముందున్న ప్లాస్టిక్ తొట్టి కనబడింది. ఆయన పాత కొట్టు మూతపడినప్పుడు యజమాని వదిలేసిన క్యాసెట్లు అందులో ఉంటాయి. అందరి దగ్గరా ఉండే ఆటలే, ఎవరూ ముట్టుకోరు. ఏళ్ళ తరబడి ఎండకు పసుపు ముద్దల్లా అయిపోయాయి. ఒకటి తీసి కిటికీ కింద దోపబోయాను.

పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది. క్యాసెట్ వెనకాల పచ్చటి ప్లాస్టిక్ మీద తెల్లగా ఏవో అక్షరాలు. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. 'మూడో తరగతి, మొరిషితా' అని పిల్లల చేతిరాత.

"ఉరనో గారూ!" అని నేను పెట్టిన కేకకు హిబినో గారు అటు గడ్డం గీస్తున్న మనిషిని వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

ఉరనో గారు మాత్రం తాపీగానే వచ్చారు. "కిటికీకి క్యాసెట్ దోపుతారటండీ ఎవరైనా?" అంటూ దాన్ని నా చేతిలోంచి తీసుకున్నారు. చూశారు. తరవాత వెళ్ళి తొట్టి మొత్తం ఎత్తుకొచ్చి, నా బల్లల మీద క్యాసెట్లు వరసగా బోర్లించారు. ఇతర రంగులవాటి మీద ఏమీ లేదు. తెల్లవాటి మీద, బూడిదరంగువాటి మీద పేర్లే పేర్లు. ఒకప్పుడు చదవకుండా తుడిచినవన్నీ ఆ ఉదయం నా కాఫీ కొట్లో కూర్చుని ఒక్కొక్కటే చదివారు.

"సిరా పైనుంచి పోయింది. లోపలికి ఇంకినది ఇంకినట్టే ఉంది" అన్నారు చివరికి. "అది ఉన్నచోట ఎండ పనిచెయ్యలేదు. చుట్టూ పచ్చబడింది, అక్షరాలు తెల్లగా మిగిలాయి."

"అయితే ఇంకేం! ఆ డబ్బాలోది తెండి, ఎండలో పెడదాం!"

ఆయన లేచి క్యాసెట్లు తొట్టిలో సర్దుకోవడం మొదలుపెట్టారు.

"వినబడలేదా?"

"వినబడింది. పెట్టను."

"ఎందుకు పెట్టరు? పచ్చబడిపోతుందనా? ఇంకా ఏ మహారాజు కొంటాడని దాచుకున్నారు దాన్ని?"

"అది కాదండీ. మొరిషితా అనో, ఇంకోటనో వస్తే?"

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయనకు కూతురంటూ మిగిలింది ఆ కొరికిన మూల ఒక్కటే. ఎండలో పెడితే అది కూడా పరాయి పిల్లాడిదైపోవచ్చు. పెట్టకపోతే ఎప్పటికీ కనాయేదే. ఆయన భయం నాకు అర్థమైంది. అయినా ఒళ్ళు మండింది.

"తెలియకుండా దాచుకోవడం కూడా ఒక బతుకేనా?" అన్నాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు ఫుసాకో?" అని హిబినో గారు నా చెయ్యి పట్టి లాగారు. ఆయన చెప్పింది నిజమే. కానీ నాకు నిజంగానే దురదగా ఉంది, ఏం చెయ్యను?

రెండు రోజులు ఉరనో గారు కాఫీకి రాలేదు. గోడ అవతల తుమ్ము కూడా వినబడలేదు. మూడోరోజు పొద్దున్న, ఉడకబెట్టిన గుడ్డూ, పూర్ణం పూసిన టోస్టూ ఆయన చోట పెట్టి ఎదురుచూస్తుంటే, చంకలో రేకు డబ్బాతో వచ్చారు.

"మీ కిటికీలో మధ్యాహ్నం దాకా ఎండ ఉంటుంది కదూ?" అన్నారు.

అలా ఆ క్యాసెట్ నా కిటికీ గట్టెక్కింది. పెట్టిన మొదటిరోజు ఆయన పదిసార్లు వచ్చి చూసుకున్నారు. "కోడిగుడ్డు కాదండీ, ఇంకో గంటలో పిల్ల రావడానికి" అన్నాను. జూన్‌లో వానలు పట్టుకుని నెలరోజులు సూర్యుడు మొహం చాటేశాడు. ఆకాశాన్ని నేను తిట్టినన్ని తిట్లు మా ఆయన్ని కూడా తిట్టలేదు. జూలై చివర్న ఎండ తిరిగింది. ఏటా ఆ రోజుల్లోనే ఉప్పులో ఊరిన ఉమె అనే పుల్లకాయల్ని వెదురు తట్టలో మేడ మీద మూడురోజులు ఎండబెడతాను. ఆ ఏడు తట్టలో కాయల పక్కన క్యాసెట్ కూడా ఎండింది. కాకులు ఎత్తుకుపోకుండా హిబినో గారు గొడుగేసుకుని కాపలా కూర్చున్నారు. నన్ను కత్తిపీట అన్న మనిషే.

ఆగస్టు మొదటివారానికి ప్లాస్టిక్ తేనెరంగుకు తిరిగింది. తెల్లగీతలు తేలడం మొదలుపెట్టాయి. ఒక్క అక్షరం కూడా ఇంకా పోల్చుకోవడానికి లేదు, కానీ ఉరనో గారు వంగి చూసి నొసలు ముడేశారు.

"మూడు వరసలున్నాయి" అన్నారు.

"అయితే?"

"పేరుకు మూడు వరసలెందుకండీ?"

ఇంకో పదిరోజులకు, పితృదేవతల పండగ సెలవుల్లో, గిరాకీ లేని ఒక ఉదయం నేను కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. అక్షరాలన్నీ ఉన్నాయి. నేను చదవలేదు. నిజం, చదవకుండా కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. అది ఆయన చదవాల్సింది.

ఆయన చేతిలోకి తీసుకున్నారు. ఏళ్ళ అలవాటు కదా, తలకిందులుగా పట్టుకున్నారు. "తిప్పండి!" అని అరిచాను. తిప్పారు. పెదవులు కదిపి చదువుకుని, దాన్ని నా వైపు తోశారు.

మొదటి వరస, 'నాన్నా, నేను కనాయేని.' రెండో వరస, 'ఫోన్ చెయ్యి.' మూడో వరసలో హమమత్సు నంబరు ఒకటి.

పదేళ్ళ పిల్ల. అమ్మిన క్యాసెట్ ఎక్కడ తిరిగినా నాన్న బల్ల మీదకే వస్తుందని నమ్మింది. తనకున్న ఒక్క క్యాసెట్ మీద ఉత్తరం రాసి అమ్మేసింది. అది వచ్చింది. ఆమె నమ్మినట్టే సరిగ్గా ఆ బల్ల మీదకే వచ్చింది. నేను అక్కడే గుమ్మంలో కూలబడి ఏడ్చేశాను. ఆయన ఏడవలేదు.

"రావలసిన చోటికే పంపింది," అన్నారు. "అందుకున్నవాడే చదవలేదు."

"ఇప్పుడు చదివారు కదా. లేవండి."

"ఇప్పుడా? ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి నంబరండీ అది. ఎవరుంటారు?"

"పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి. లేవండి ముందు!"

నా కొట్లో మూలన గులాబీరంగు నాణేల ఫోను ఒకటి ఇంకా ఉంది. డబ్బు పెట్టెలోంచి పది యెన్‌ల నాణేలు గుప్పెడు తీసి దాని పక్కన పోశాను. ఆయన క్యాసెట్ చూసుకుంటూ నంబరు తిప్పారు. అవతల మోగింది. ఎవరో ఎత్తారు. నాకు ఇటువైపు మాటలే వినబడ్డాయి.

"ఉరనోని… యాసుజిని. అవును… బాగానే ఉన్నాను. మీరు? … కనాయే క్యాసెట్ ఒకటి… లేదు, ఇవాళే చదివాను… అవును, ఇవాళే." తరవాత చాలాసేపు వింటూ నిలబడ్డారు. నేను ఒక్కొక్క నాణెం వేస్తూ పోయాను. "సరే. ఆమె ఇష్టం" అని పెట్టేశారు.

ఎత్తింది పాత భార్యే. కనాయే పెళ్ళి చేసుకుని అదే ఊళ్ళో ఉంటోందనీ, చెప్తాననీ, రావడం రాకపోవడం ఆమె ఇష్టమనీ అందట. ఇంకో మాట కూడా అందట. అది నాకు సాయంత్రం చెప్పారు. ఆ ఏడంతా పిల్ల ఫోను పక్కనే కూర్చుని అన్నం తినేదట, ఎందుకో తల్లికి అప్పట్లో తెలియలేదట.

ఒక ఆదివారం గడిచింది. రెండు గడిచాయి. మూడు గడిచాయి. ఆదివారం వస్తే ఆయన గడ్డం నున్నగా గీయించుకుని, హిబినో గారు డబ్బు తీసుకోనంటే బలవంతంగా ఇచ్చి, స్టూలు మీద కూర్చునేవారు. ఎవరైనా గుమ్మం దగ్గర ఆగితే తలెత్తేవారు. ఆమె రాకపోతే ఈయన ఏమైపోతారో అని నాకు దిగులు పట్టుకుంది. ఎండలో పెట్టమని పోరింది నేనే కదా.

నాలుగో ఆదివారం పొద్దున్న నా కొట్లోకి నలభైకి దగ్గరపడ్డ ఒకామె వచ్చి, గోడ పక్క బల్ల దగ్గర కూర్చుని చల్లకాఫీ అడిగింది. తాగలేదు. స్ట్రా కొసను నములుతూ కూర్చుంది. నేను రెండుసార్లు అటు వెళ్ళి వచ్చాను. స్ట్రా కొస చదునైపోయింది.

నేను వంగి, "ఈ గోడ పక్కనే అమ్మా" అన్నాను.

ఆమె ఉలిక్కిపడి నన్ను చూసింది. లేచింది. నేను వెనకాలే వెళ్ళాను. వెళ్ళకూడదని తెలుసు, వెళ్ళాను.

ఉరనో గారు అప్పుడే చెవి క్లిప్పు తీగ బాగుచేసి, పనిచేస్తోందో లేదో చూడటానికి చెవికి పెట్టుకుని ఆడుతున్నారు. ఇటుకలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. గుమ్మంలో నీడ పడితే తలెత్తారు. మొహంలో ఏమీ మారలేదు. చేతులు కూడా కదల్లేదు. టీవీలో మాత్రం ఇటుకలు దబదబా పడిపోవడం మొదలుపెట్టాయి. ఒకదాని మీద ఒకటి, అడ్డదిడ్డంగా, తెర నిండిపోయేదాకా.

ఆమె టీవీ వైపు చూసింది. ఆయన చెవికున్న తీగ వైపు చూసింది. ఆటలు ఆడి పెరిగిన పిల్ల కదా, ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

"ఓడిపోయావు నాన్నా" అంది.

"నీతో ఎప్పుడు గెలిచానని" అన్నారాయన.

ఆమె నవ్వలేదు. "ఫోన్ ఎందుకు చెయ్యలేదు?" అంది. "వస్తుందన్నావు కదా నీ బల్ల మీదకి. రాలేదేమో అనుకున్నాను. తరవాత, వచ్చినా చెయ్యలేదేమో అనుకున్నాను. ఆ రెండోదే నిజమనుకుని పెద్దదాన్నయ్యాను."

నాకు ఆ క్షణంలో భయమేసింది. రాలేదని చెప్పొచ్చు, ఈ మధ్యనే ఎక్కడో దొరికిందని చెప్పొచ్చు. ఆయన అలా చెప్పినా నేను కాదనేదాన్ని కాదు.

"వచ్చింది," అన్నారు ఉరనో గారు. "నువ్వు పంపిన ఆ చలికాలమే వచ్చింది. నేనే తుడిచేశాను. తలకిందులుగా పట్టుకుని తుడిచేవాణ్ణి. చదవకుండా తుడిచాను. మూల చూశాక తెలిసింది, అప్పటికే పోయింది. నీదో కాదో కూడా తెలియక డబ్బాలో పెట్టి దాచాను. నాదే తప్పు కనాయే."

క్యాసెట్ తీసి రెండు చేతులతో ఆమె ముందు పెట్టారు. ఆమె వేలు ముందు మూల మీదకు పోయింది, గాట్ల మీద. తరవాత వెనక్కి తిప్పి తన పదేళ్ళప్పటి చేతిరాతను చాలాసేపు చూసింది. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"ఈ నంబరు ఇంక ఎక్కువ రోజులుండదు. అమ్మ ఆ ఫోను తీయించేస్తోంది" అంది. కాసేపయ్యాక, "మార్కరు పెన్నుందా?" అంది.

ఆయన బల్ల మీదా, సొరుగులోనూ వెతికారు. లేదు. పదహారేళ్ళు పేర్లు తుడిచిన మనిషి దగ్గర పేరు రాసే పెన్ను ఎందుకుంటుంది? నేను పరుగున పోయి, ఇవాళ్టి టిఫిను రాసే నల్ల పెన్ను తెచ్చిచ్చాను. ఆమె మూత పంటితో తీసి, పాత నంబరు కింద మిగిలిన కొద్దిపాటి చోటులో ఇంకో నంబరు రాసింది. అంత పాత క్యాసెట్ మీద కొత్త సిరా పడుతుంటే ఆయన కిమ్మనలేదు.

ఆమె సిరా ఆరేలా ఊది, ఆయనకు అందించింది. ఎదురుగా నిలబడి ఇచ్చింది కాబట్టి రాత ఆయనకు తలకిందులుగా ఉంది. ఆయన దాన్ని తిన్నగా తిప్పి పట్టుకున్నారు. కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని, ఒకటో తరగతి పిల్లాడిలా ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టుకుంటూ నంబరు మొత్తం పైకి చదివారు.

"ఇంకోసారి చదువు" అంది కనాయే.

ఆయన మళ్ళీ మొదటినుంచి చదివారు.